హారతి కర్పూరానికి క్రోమియం ఎందుకు? ఎంఎస్సీ ల్యాబ్‌లో మెతక రియాజెంట్లతో పని చేయడం ఎలా

రియాక్షన్ పెట్టే ముందు ఒక పని చేయండి. మీ ల్యాబ్‌లో వేస్ట్ సాల్వెంట్ పోసే క్యాన్‌ను తూచి, ఆ అంకె రికార్డు వెనక పేజీలో రాసిపెట్టండి. సెమిస్టర్ అయిపోయాక మళ్ళీ తూచండి. మీరు తయారుచేసిన ప్రొడక్టులన్నీ కలిపినా గుప్పెడు శాంపిల్ ట్యూబుల్లో సరిపోతాయి. క్యాన్ మాత్రం ఇద్దరు పట్టుకుంటే గానీ లేవదు. కింద ఏ రియాక్షన్ గురించి చెప్పినా నా కన్ను ఆ క్యాన్ మీదే ఉంటుంది.

ఇది హనుమకొండ, వరంగల్, కరీంనగర్, జగిత్యాల వైపు కాలేజీల్లో ఎంఎస్సీ ఆర్గానిక్ చదివేవాళ్ళ కోసం, వాళ్ళతో ప్రాక్టికల్స్ చేయించేవాళ్ళ కోసం. ఫ్యూమ్ హుడ్ ఉన్నా దాని ఫ్యాన్ తిరగని ల్యాబ్‌లు, మే నెలలో 42 డిగ్రీల వేడి, ఇథనాల్‌కు ఎక్సైజ్ పర్మిట్ కోసం ఎదురుచూపులు, ఇవన్నీ తెలిసే రాస్తున్నాను. ఒక్క షరతు: ఇవి ల్యాబ్‌లో, సార్ పక్కనుండగా, కళ్ళద్దాలు పెట్టుకుని చేసేవి. ఇంట్లో వంటగది గట్టు మీద చేసేవి కావు.

మెతక వేరు, పచ్చ వేరు

ఈ రెండు మాటల్నీ ఒకటిగా వాడేస్తుంటారు. మెతక రియాజెంట్ అంటే అణువులో తాకాల్సిన చోటే తాకి, మిగతాది వదిలేసేది. సోడియం బోరోహైడ్రైడ్ ఆల్డిహైడ్‌ను, కీటోన్‌ను పట్టుకుంటుంది. పక్కనే నైట్రో ఉంటే ముట్టదు, ఎస్టర్ ఉన్నా మామూలుగా దాని జోలికి పోదు. లిథియం అల్యూమినియం హైడ్రైడ్‌కు అంత ఓపిక లేదు, దొరికినదల్లా క్షయకరణం చేస్తుంది.

పచ్చదనం, అంటే పర్యావరణానికి హాని తగ్గించే ‘గ్రీన్’ కెమిస్ట్రీ, మాత్రం ఆఖరున మిగిలే చెత్తను బట్టి తేలాలి. దానికి రెండు కొలతలున్నాయి. 1991లో బారీ ట్రోస్ట్ చెప్పిన ఆటమ్ ఎకానమీ: వేసిన పదార్థాల అణుభారాల మొత్తంలో ప్రొడక్టు వాటా ఎంత అని. 1992లో రోజర్ షెల్డన్ చెప్పిన ఈ-ఫ్యాక్టర్: కిలో ప్రొడక్టుకు ఎన్ని కిలోల చెత్త అని. మొదటిది కాగితం మీద లెక్క. రెండోదానికి త్రాసు కావాలి. నాకు రెండోదాని మీదే నమ్మకం ఎక్కువ, ఎందుకంటే సాల్వెంట్ దాంట్లోనే బయటపడుతుంది.

మొదటిది: నైట్రోను ముట్టకుండా ఆల్డిహైడ్‌ను తగ్గించడం

4-నైట్రోబెంజాల్డిహైడ్ తీసుకోండి. 3-నైట్రో చవగ్గా దొరికినా వద్దు. దాని ఆల్కహాల్ 30–32 డిగ్రీలకే కరుగుతుంది. మన ఎండాకాలంలో అది గడ్డకట్టదు, ఫ్లాస్క్ అడుగున నూనెలా పడుకుంటుంది. ఒక బ్యాచ్ మొత్తం గాజుకడ్డీలతో గీకి గీకి అలసిపోయాక మాకు ఈ సంగతి తట్టింది. 4-నైట్రోబెంజైల్ ఆల్కహాల్ అయితే 92–94 డిగ్రీల దాకా కరగదు.

1.51 గ్రా. ఆల్డిహైడ్, అంటే 10 మిల్లీమోల్, 15 మి.లీ. ఇథనాల్‌లో వేసి ఐస్ బాత్‌లో పెట్టండి. పూర్తిగా కరగకపోయినా దిగులు లేదు, రియాక్షన్ సాగేకొద్దీ కరుగుతుంది. 0.20 గ్రా. బోరోహైడ్రైడ్‌ను ఒకేసారి కాకుండా నాలుగైదు చిటికెలుగా, పది నిమిషాల్లో వేయండి. ఒక మోల్ బోరోహైడ్రైడ్ నాలుగు హైడ్రైడ్‌లు ఇస్తుంది కాబట్టి లెక్క ప్రకారం దీంట్లో సగమే చాలు. మిగతా సగం ఇథనాల్‌తో నెమ్మదిగా పోయేదానికి, డబ్బాలో చెమ్మ తాగి పోయినదానికి. వానాకాలంలో డబ్బా మూత తీయగానే గడ్డలు కనిపిస్తే, ఒక చిటికె పలుచటి ఆసిడ్‌లో వేసి చూడండి. జోరుగా బుసబుసలాడితే పనికొస్తుంది. సన్నగా నాలుగు బుడగలొస్తే కొత్త డబ్బా అడగండి.

అరగంటకు టీఎల్‌సీ (సిలికా పూసిన ప్లేటు మీద పదార్థాల్ని మచ్చలుగా వేరుచేసే పరీక్ష) చూడండి. హెక్సేన్, ఇథైల్ అసిటేట్ 7:3లో ఆల్డిహైడ్ పైకి, ఆల్కహాల్ కిందకి వస్తాయి. రెండూ యూవీలో కనిపిస్తాయి కాబట్టి, అనుమానం తీరాలంటే ప్లేటును డీఎన్‌పీ (2,4-డైనైట్రోఫినైల్ హైడ్రజీన్) ద్రావణంలో ముంచండి. ఆల్డిహైడ్ మిగిలుంటే నారింజ మచ్చ పడుతుంది.

ఇప్పుడు క్వెంచ్, అంటే మిగిలిన రియాజెంట్‌ను చంపడం. మళ్ళీ ఐస్‌లో పెట్టి, పలుచటి హైడ్రోక్లోరిక్ ఆసిడ్ చుక్కచుక్కగా వేయండి. మిగిలిన హైడ్రైడ్ అంతా హైడ్రోజన్‌గా బయటికొస్తుంది. ఈ కొద్దిపాటి స్కేల్‌లోనే అది పావు లీటరు దాటొచ్చు. పక్క బల్ల మీద బన్సెన్ వెలుగుతుంటే ముందు అది ఆర్పించండి. బుడగలు ఆగాక 50 మి.లీ. ఐస్ నీళ్ళలో పోస్తే ఆల్కహాల్ తెల్లగా, కాస్త పసుపు జీరతో పడుతుంది. ఫిల్టర్ చేసి చల్లటి నీళ్ళతో కడగండి. సెపరేటరీ ఫన్నెల్ అవసరం రాలేదు, ఈథర్ అవసరం రాలేదు. క్యాన్‌లో ఒక్క చుక్క పడలేదు.

నైట్రో నిజంగా భద్రంగా ఉందా? కొంచెం ప్రొడక్టును ఆసిడ్‌లో కలిపి, ఐస్‌లో సోడియం నైట్రైట్ వేసి, క్షారంలో కరిగించిన బీటా-నాఫ్తాల్‌లో పోయండి. నైట్రో తగ్గి అమీన్ అయి ఉంటే ఎర్రటి డై పడేది. పడలేదంటే రియాజెంట్ చెప్పినమాట విన్నట్టే. వైవాలో ‘సెలెక్టివిటీ అంటే ఏమిటి’ అని అడిగితే నిర్వచనం అప్పజెప్పకండి, ఈ టెస్ట్ చెప్పండి.

రెండోది మొదలుపెట్టే ముందు: బ్లీచ్‌ను నమ్మకండి, తూకం వేయండి

క్రోమిక్ ఆసిడ్, పీసీసీ (పిరిడినియం క్లోరోక్రోమేట్) లాంటి క్రోమియం రియాజెంట్ల బదులు బ్లీచ్ వాడొచ్చని ఇప్పుడు అందరికీ తెలుసు. ఆల్కహాల్‌ను కీటోన్ చేసి, చివరికి అది ఉప్పునీళ్ళుగా మిగులుతుంది. ఆరు వేలెన్సీ క్రోమియం క్యాన్సర్ కారకం. మేం చదువుకునే రోజుల్లో జోన్స్ రియాజెంట్ (అదీ క్రోమిక్ ఆసిడే) వాడాక సింకు పచ్చగా మారేది. ఆ పచ్చదనం గురించి మాత్రం అప్పుడెవరూ గొప్పగా చెప్పుకోలేదు.

బ్లీచ్‌తో అసలు ఇబ్బంది వేరే ఉంది. సీసా మీద 5 శాతమో 6 శాతమో రాసి ఉంటుంది. అది కంపెనీలో నింపిన రోజు మాట. సోడియం హైపోక్లోరైట్ వేడికి, వెలుతురుకు క్లోరేట్‌గా, ఉప్పుగా విడిపోతూనే ఉంటుంది. ఒకసారి కిటికీ పక్కన నెలన్నర ఉన్న సీసాతో ఆక్సిడేషన్ పెట్టాం. రాత్రంతా తిప్పినా ఆల్కహాల్ ఆల్కహాల్‌గానే ఉంది. పద్ధతిలోనే లోపముందని మేం తేల్చేశాం. మా ల్యాబ్ అటెండర్ సీసా మూత తీసి వాసన చూసి, “సారూ, గీ దాంట్ల మందే లేదు. ఉత్త నీళ్ళే ఉన్నయి” అన్నాడు. టైట్రేట్ చేస్తే 2 శాతం కూడా తేలలేదు. అప్పట్నుంచి టైట్రేషన్ లేకుండా బ్లీచ్ ముట్టుకోలేదు. బ్లీచ్‌ను ముక్కుతో పరీక్షించడం మాత్రం మీరు నేర్చుకోకండి.

టైట్రేషన్‌కు పది నిమిషాలు చాలు. కోనికల్ ఫ్లాస్క్‌లో 50 మి.లీ. డిస్టిల్డ్ వాటర్, ఒక గ్రాము పొటాషియం అయొడైడ్, పిపెట్‌తో సరిగ్గా 1 మి.లీ. బ్లీచ్, ఆ తర్వాత 5 మి.లీ. అసిటిక్ ఆసిడ్ వేయండి. ముదురు గోధుమ రంగులో అయొడిన్ విడుదలవుతుంది. 0.1 మోలార్ సోడియం థయోసల్ఫేట్‌తో లేత పసుపు దాకా తెచ్చి, పిండి ద్రావణం వేసి, నీలం పోయేదాకా టైట్రేట్ చేయండి. ఒక్కో మి.లీ. థయోసల్ఫేట్ 0.05 మిల్లీమోల్ హైపోక్లోరైట్‌కు సమానం. 14 మి.లీ. పట్టిందనుకోండి, మీ బ్లీచ్ 0.70 మోలార్, అంటే సుమారు 5.2 శాతం. 5 మి.లీ. దగ్గరే రంగు పోయిందంటే 0.25 మోలార్. అది బాత్రూమ్ కడగడానికి పంపించండి.

కింద 0.70 మోలార్ అనుకుని పరిమాణాలు రాశాను. మీకు వచ్చిన అంకె పెట్టి మార్చుకోండి. సీసాను ఫ్రిజ్‌లో, నల్ల కవరు చుట్టి పెట్టండి.

కర్పూరం పోయి, కర్పూరం రావడం

ఈ ఆక్సిడేషన్‌కు ఐసోబోర్నియోల్ కావాలి. కొనకండి, చేసుకోండి. కిరాణా షాపు హారతి కర్పూరం దీనికి సరిపోతుంది. చాలావరకు అది టర్పెంటైన్‌లోని పైనీన్ నుంచి ఫ్యాక్టరీలో తయారైనదే. కల్తీ ఉండొచ్చు కాబట్టి ముందు సబ్లిమేషన్ చేసి తీసుకోండి. పోర్సిలిన్ డిష్‌లో కర్పూరం, మీద బోర్లించిన వాచ్ గ్లాస్, దాని మీద తడిగుడ్డ, అడుగున హాట్ ప్లేట్ సన్న వేడి. మంట వద్దు. భద్రకాళి గుడిలో హారతి చూసినవాళ్ళకు అది ఎంత తొందరగా అంటుకుంటుందో వేరే చెప్పక్కర్లేదు.

సబ్లైమ్ చేసిన కర్పూరం 1.5 గ్రా. 15 మి.లీ. మిథనాల్‌లో కరిగించి, 0.9 గ్రా. బోరోహైడ్రైడ్‌ను చిటికెలుగా వేయండి. ఇందాక 0.2 గ్రా. సరిపోయింది కదా, ఇక్కడ ఇంతెందుకని అడుగుతారు. కర్పూరం కీటోన్ పైన మిథైల్ గుంపులు గొడుగు పట్టినట్టుంటాయి, హైడ్రైడ్‌కు దారి ఇరుకు. ఈలోపు మిథనాల్ బోరోహైడ్రైడ్‌ను తినేస్తుంటుంది. అదే గొడుగు వల్ల హైడ్రైడ్ కింది వైపు నుంచి వచ్చి, ఐసోబోర్నియోల్ ఎక్కువ, బోర్నియోల్ తక్కువ వస్తాయి. రెండూ కలిసి ఉన్నా మనకు నష్టం లేదు, ఆక్సిడేషన్‌లో రెండూ కర్పూరమే అవుతాయి. వేయడం అయ్యాక రెండు మూడు నిమిషాలు వేడి నీళ్ళ బాత్ మీద మరిగించి, చల్లార్చి, 50 మి.లీ. ఐస్ నీళ్ళలో పోసి తెల్లటి పొడిని ఫిల్టర్ చేయండి. ఫిల్టర్ కాగితం మీద బాగా ఆరనివ్వండి. వేడి ఓవెన్‌లో పెడితే సగం గాల్లో కలుస్తుంది.

ఇక ఆక్సిడేషన్.

1.54 గ్రా. ఐసోబోర్నియోల్, అంటే 10 మిల్లీమోల్, 5 మి.లీ. గ్లేసియల్ అసిటిక్ ఆసిడ్‌లో కరిగించండి. ఒక బ్యాచ్ చాలకపోతే పక్క బల్లవాళ్ళది కలుపుకోండి.

ఫ్లాస్క్‌ను చల్లటి నీళ్ళ బాత్‌లో పెట్టి, లోపల థర్మామీటర్ ఉంచి, 17 మి.లీ. బ్లీచ్‌ను ఇరవై నిమిషాల్లో చుక్కలుగా వేయండి. వేడి 15 నుంచి 25 డిగ్రీల మధ్య నిలవాలి. మే నెలలో ట్యాంకు నీళ్ళే 35 డిగ్రీలుంటాయి, ఐస్ ముక్కలు తప్పవు. ఐస్ లేనిరోజు రంజన్ నీళ్ళతో పని నడిపించాం, కాకపోతే బ్లీచ్ ఇంకా నెమ్మదిగా వేయాల్సొచ్చింది.

ఇది తప్పకుండా హుడ్‌లోనో, ఎగ్జాస్ట్ ఫ్యాన్ పక్కనో చేయాలి. బ్లీచ్, ఆసిడ్ కలిస్తే క్లోరిన్ వాసన కొంచెమైనా వస్తుంది. అసిటిక్ ఆసిడ్ అయిపోయిందని హైడ్రోక్లోరిక్ ఆసిడ్ పోసే తెలివి ప్రతి బ్యాచ్‌లో ఒకరికైనా వస్తుంది. పోస్తే క్లోరిన్ ధారగా వస్తుంది, గది ఖాళీ చేయాల్సిందే.

ఒక గంట తిప్పండి. మధ్యమధ్యలో స్టార్చ్-అయొడైడ్ కాగితం మీద ఒక చుక్క పెట్టి చూడండి. నీలం వస్తే ఆక్సిడెంట్ ఇంకా ఉంది, మంచిదే. రాకపోతే 2 మి.లీ. బ్లీచ్ కలపండి. గంటయ్యాక సోడియం బైసల్ఫైట్ ద్రావణం చుక్కలుగా వేసి, కాగితం తెల్లగా ఉండేదాకా మిగులు బ్లీచ్‌ను చంపేయండి. ఈ మెట్టు దాటేయకండి. మనకు ప్రతి గ్లాస్‌వేర్‌నూ అసిటోన్‌తో కడిగే అలవాటుంది. క్షారగుణమున్న బ్లీచ్‌లో అసిటోన్ పడితే క్లోరోఫామ్ తయారవుతుంది, వేడీ పుడుతుంది. క్రోమియం తప్పించుకున్నామనుకుంటూ క్లోరోఫామ్ చేసుకున్నట్టవుతుంది.

50 మి.లీ. ఐస్ నీళ్ళలో గుప్పెడు ఉప్పు వేసి, దాంట్లో పోయండి. కర్పూరం తెల్లటి తరకలుగా పైకి తేలుతుంది. వాసన గుర్తుపట్టడానికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఫిల్టర్ చేసి, సోడియం బైకార్బనేట్ నీళ్ళతో ఒకసారి, మామూలు నీళ్ళతో ఒకసారి కడిగి, ఆరాక మళ్ళీ సబ్లైమ్ చేయండి. కాలమ్ లేదు, రీక్రిస్టలైజేషన్ లేదు.

మెల్టింగ్ పాయింట్ 175–179 డిగ్రీల మధ్య రావాలి. క్యాపిలరీని రెండు వైపులా మూయండి. లేదంటే కరగడానికి ముందే కర్పూరం గొట్టంలో పైకి పాకి మాయమవుతుంది, మెల్టింగ్ పాయింట్ రాలేదని ఖాళీ క్యాపిలరీ పట్టుకుని వస్తారు. టీఎల్‌సీకి యూవీ పనికిరాదు, కర్పూరం కనిపించదు. ఐఆర్ తీయించగలిగితే 3400 దగ్గర వెడల్పాటి ఓహెచ్ పట్టీ పోయి, 1740 దగ్గర కార్బొనైల్ వచ్చిందా లేదా చూడండి. ఈ కర్పూరాన్ని మాత్రం పూజకు తీసుకెళ్ళకండి. ల్యాబ్‌లో చేసినది ల్యాబ్‌లోనే ఉండాలి, పైగా పిల్లల నోట్లో పడితే కర్పూరం విషమే.

ఈ ఆక్సిడేషన్‌లో ఇంకో సుగుణముంది. ఒకే అణువులో ప్రైమరీ, సెకండరీ ఆల్కహాల్‌లు రెండూ ఉంటే, అసిటిక్ ఆసిడ్‌లో బ్లీచ్ సెకండరీనే ముందు పట్టుకుంటుంది. 2-ఇథైల్-1,3-హెక్సేన్‌డయాల్ మీద పెడితే మూడో కార్బన్ కీటోన్ అవుతుంది, చివరి ఓహెచ్ అలాగే ఉంటుంది. మీకు ప్రైమరీయే ఆల్డిహైడ్ కావాలంటే కథ తిరగబడాలి. అప్పుడు టెంపో అనే రాడికల్‌ను చిటికెడు కేటలిస్టుగా వేసి, కాస్త బ్రోమైడ్‌తో, బైకార్బనేట్ క్షారంలో అదే బ్లీచ్ వాడతారు. బల్ల మీద సీసా మారలేదు. ఆసిడ్‌కు బదులు క్షారం, పక్కన చిటికెడు టెంపో. అణువులో కదిలే చోటు మారిపోయింది.

పచ్చ అని పేరు పెట్టినంత మాత్రాన

అసిటనిలైడ్ బ్రోమినేషన్ దగ్గర నాకు ఒక తగువుంది. ద్రవ బ్రోమిన్ ప్రమాదకరం కాబట్టి, పొటాషియం బ్రోమైడ్, సెరిక్ అమోనియం నైట్రేట్ కలిపి చేసే పద్ధతిని ‘గ్రీన్’ పేరుతో చాలాచోట్ల చేయిస్తున్నారు. నారింజ రంగు ద్రావణం చుక్కచుక్కగా పడుతూ రంగు పోతుంటే చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ లెక్క చేయండి. ఒక బ్రోమిన్‌ను ఎక్కించడానికి రెండు ఎలక్ట్రాన్‌లు తీయాలి, సీరియం ఒక్కొక్కటే తీసుకుంటుంది. అంటే 80 గ్రాముల బ్రోమిన్ కోసం దాదాపు 1,096 గ్రాముల సీరియం లవణం. ఆటమ్ ఎకానమీ 16 శాతం. మనం భయపడి పక్కనపెట్టిన ద్రవ బ్రోమిన్‌ది 73 శాతం.

నేను చూసిన ఒక మాన్యువల్‌లో 1 గ్రా. అసిటనిలైడ్‌కు 6 గ్రా. సెరిక్ అమోనియం నైట్రేట్ అని ఉంది. మోల్‌లలో చూస్తే 8.1 గ్రా. కావాలి. 6 గ్రాములతో యీల్డ్ 74 శాతం దాటకూడదు. రికార్డుల్లో మాత్రం 90 పైనే ఉంటుంది. ఆ రికార్డుల మీద సంతకాలు పెట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను.

నేను మధ్యదారి పట్టాను. బ్రోమైడ్‌ను ఆక్సీకరించే పని బ్లీచ్‌కే అప్పజెబితే ఆటమ్ ఎకానమీ 57 శాతం దాకా వస్తుంది, మిగిలేది ఉప్పు, సోడియం అసిటేట్, నీళ్ళు. హైడ్రోజన్ పెరాక్సైడ్, హైడ్రోబ్రోమిక్ ఆసిడ్‌తో అయితే 85 దాటుతుంది. అయితే ఆ గాఢమైన ఆసిడ్‌ను ఇరవైమంది పిల్లల చేతికివ్వడానికి నాకు ధైర్యం చాలదు. హైదరాబాద్ ఐఐసీటీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ)లో అమ్మోనియం బ్రోమైడ్, ఆక్సోన్ జంటతో ఇలాంటి బ్రోమినేషన్‌ల మీద పని చేశారు. బడ్జెట్ ఉంటే అదీ చూడండి.

బ్లీచ్ పద్ధతి ఇలా. 1.35 గ్రా. అసిటనిలైడ్, 1.2 గ్రా. సోడియం బ్రోమైడ్, 15 మి.లీ. ఇథనాల్, 7 మి.లీ. అసిటిక్ ఆసిడ్ కలిపి ఐస్‌లో పెట్టండి. టైట్రేట్ చేసిన బ్లీచ్ 16 మి.లీ. నెమ్మదిగా వేయండి. ఒక్కో చుక్కకు పసుపు వచ్చి పోతుంటుంది, చివరికి లేత పసుపు నిలుస్తుంది. ఐస్ తీసేసి పావుగంట తిప్పి, బైసల్ఫైట్‌తో రంగు పోగొట్టి, ఐస్ నీళ్ళలో పోసి ఫిల్టర్ చేయండి. ఇథనాల్, నీళ్ళ మిశ్రమంలో రీక్రిస్టలైజ్ చేస్తే 165–168 డిగ్రీలకు కరిగే పారా-బ్రోమో అసిటనిలైడ్ వస్తుంది. ఇక్కడ సెలెక్టివిటీ రియాజెంట్‌ది కాదు, అసిటైల్ గుంపుది. అదే లేకపోతే అనిలీన్ బ్రోమిన్ నీళ్ళు తగలగానే మూడు చోట్లా బ్రోమిన్ ఎక్కించుకుంటుంది.

సైనైడ్ బదులు విటమిన్

రెండు బెంజాల్డిహైడ్ అణువుల్ని కలిపే బెంజోయిన్ కండెన్సేషన్ గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే ఇది నూటికి తొంభై పాళ్ళు మంచి బెంజాల్డిహైడ్ ఉందా లేదా అన్నదాని మీదే నడుస్తుంది. పాత పద్ధతిలో సైనైడ్ చేసే పనిని థయమిన్, అంటే బి1 విటమిన్ చేస్తుంది. అది ఎలా చేస్తుందో 1958లో రొనాల్డ్ బ్రెస్లో వివరించాడు. క్షారంలో థయజోలియం వలయం నుంచి ఒక ప్రోటాన్ పోయి, ఆ కార్బన్ సైనైడ్‌లా ఆల్డిహైడ్ మీద పడుతుంది.

బెంజాల్డిహైడ్ సీసా మూతి దగ్గర తెల్లటి పొర కనిపిస్తే అది బెంజోయిక్ ఆసిడ్. మీరు వేసే కొద్దిపాటి క్షారాన్ని అదే మింగేస్తుంది. 10 శాతం సోడియం కార్బనేట్‌తో కడిగి, నీళ్ళు వేరుచేసి, ఆరబెట్టి వాడండి. 1.5 గ్రా. థయమిన్ హైడ్రోక్లోరైడ్ 2 మి.లీ. నీళ్ళలో కరిగించి, 15 మి.లీ. ఇథనాల్ కలిపి, ఐస్‌లో చల్లబరచి, 3 మి.లీ. 3 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌ను చుక్కలుగా వేయండి. ముదురు పసుపు వచ్చి లేతబడుతుంది. 4.5 మి.లీ. బెంజాల్డిహైడ్ వేసి, మూతపెట్టి, రెండు రోజులు కదపకుండా ఉంచండి. మెడికల్ షాపు మాత్రలు నూరి వేయకండి, వాటిలో పిండి, రంగు, ఇంకా ఏవేవో ఉంటాయి.

ఎండాకాలంలో ఇది ఎందుకు పాడవుతుందంటే, క్షారంలో ఉన్న థయమిన్ వేడికి విడిపోతుంది. ఇథనాల్ ఆవిరికి మామూలు ఇంటి ఫ్రిజ్ మంచిది కాదు. కాబట్టి ఫ్లాస్క్‌ను నీళ్ళ బకెట్‌లో, ల్యాబ్‌లో అన్నిటికన్నా చల్లటి మూల పెట్టండి. వీలుంటే ఈ ప్రయోగాన్ని డిసెంబర్‌కే మార్చుకోండి. స్ఫటికాలు 134–136 డిగ్రీలకు కరగాలి.

క్యారట్ ముక్కలు, ఇథైల్ అసిటేట్ క్యాన్

2002లో ఐఐసీటీలో జె.ఎస్. యాదవ్ బృందం క్యారట్ ముక్కలతో, నీళ్ళలో, కీటోన్‌లను చైరల్ ఆల్కహాల్‌లుగా (కుడి, ఎడమ చేతుల్లా రెండు అద్దపు రూపాలుండేవి) తగ్గించొచ్చని చూపించింది. అసిటోఫినోన్ వేస్తే ఆ రెండిట్లో ఎక్కువగా ‘ఎస్’ అనే రూపమే వస్తుంది. బోరోహైడ్రైడ్‌కు చేతకాని పని అది. కూరగాయల మార్కెట్ నుంచి క్యారట్ తెచ్చి మేమూ చేశాం. 100 మి.గ్రా. అసిటోఫినోన్‌కు 10 గ్రా. తాజా ముక్కలు, 70 మి.లీ. నీళ్ళు, రెండు రోజుల తిప్పుడు. పని చేసింది. ఆ తర్వాత 70 మి.లీ. నీళ్ళ నుంచి ఆ కాస్త ఆల్కహాల్‌ను లాగడానికి మూడుసార్లు 25 మి.లీ. చొప్పున ఇథైల్ అసిటేట్ పోశాం. 0.1 గ్రాము ప్రొడక్టుకు 67 గ్రాముల సాల్వెంట్. మంచి యీల్డ్ వచ్చినా ఈ-ఫ్యాక్టర్ 670 దాటుతుంది, నీళ్ళు లెక్కేయకుండానే. నేను చేసిన వాటిలో అన్నిటికంటే సహజమైన రియాజెంట్‌కే క్యాన్ అన్నిటికంటే బరువెక్కింది.

క్యారట్ వద్దనడం లేదు. చైరల్ ఆల్కహాల్ కావాలంటే అది అద్భుతమే. అయితే ముక్కల్ని ముందు ఫిల్టర్ చేసి, నీళ్ళలో ఉప్పు నిండుగా కరిగించి, అదే 25 మి.లీ. ఇథైల్ అసిటేట్‌ను రోటా (రోటరీ ఎవాపరేటర్) మీద తిరిగి పట్టుకుని మళ్ళీ వాడండి. రోటా లేని కాలేజీల్లో సాదా డిస్టిలేషన్ సెట్ చాలు.

ఆ కండెన్సర్‌కు కుళాయి తెరిచి వదిలేయకండి. గంటసేపు వదిలితే బకెట్ల కొద్దీ బోరునీళ్ళు సింకులో పోతాయి. ఒక బకెట్ నీళ్ళు, దాంట్లో ఎయిర్ కూలర్‌కు వాడే చిన్న మోటార్, రెండు రబ్బరు ట్యూబులు సరిపోతాయి. నీళ్ళు కండెన్సర్‌లోకి వెళ్ళి మళ్ళీ బకెట్‌లోకే వస్తాయి, వేడెక్కితే ఐస్ వేయండి. మోటార్ వైరు, ప్లగ్గు తడవకుండా బల్ల మీదే ఉండాలి. ఈ ఏర్పాటు మాకు మా అటెండరే చూపించాడు, వాళ్ళింట్లో కూలర్ పాడైన ఏడాది.

తిరిగొచ్చిన ఇథనాల్‌ను, ఇథైల్ అసిటేట్‌ను వేర్వేరు సీసాల్లో పోసి, ఏ రియాక్షన్ నుంచి వచ్చింది, ఏ తారీఖు అని పెన్సిల్‌తో లేబుల్ రాయండి. పెన్నుతో రాస్తే సాల్వెంట్ కారినప్పుడు చెరిగిపోతుంది.